నీళ్లు కాగినయ్

"తీసేస్తవా, తియ్యవా? ఒక్కటే మాట చెప్పు."

అనసూర్య చేతిలోని బొగానలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. జవాబు కోసం ఆగకుండా వాటిని వాకిట్లోకి తీసుకెళ్లి మురుగు మోరిలో గుమ్మరించింది. ఖాళీ బొగానతో తిరిగొచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది. నీళ్లు కాచడం, పారబోయడం పొద్దున్నుంచి ఇది మూడోసారి.

సంపత్ గడపలో కూర్చుని గిటారుకు కొత్త తీగ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అరవై లక్షల మంది ఇన్నరమ్మా ఆ పాట. తీసెయ్ అంటె తీసేస్తందుకు అదేమన్న దండెం మీది తువ్వాలనా?"

"కోటి మంది ఇననీ. నా ఇంటి ముంగట ఎందుకు ఇనాలె? పొద్దుగాల పాలోడు హారన్ కొట్టిండు. ఆనెంక సిలిండరోడు కొట్టిండు. గిప్పుడు ఎవడో సెల్లు పట్టుకొని, మన గేటును వీడియో తీసుకుంట కొట్టిండు. మూడుసార్లు లేసిన. మూడుసార్లు పొయ్యి ముట్టిచ్చిన."

"ఎవలు లెవ్వుమన్నరు నిన్ను?"

ఆ ప్రశ్నకు అనసూర్య దగ్గర జవాబుంది. చెప్పే వీలు లేదు. బొగానను కింద పెట్టాల్సిన దానికంటే గట్టిగా పెట్టింది.

ఆ హారన్ సంగతి ఒకప్పుడు ఈ గల్లీకి తప్ప మరెవరికీ తెలియదు. ఆమె భర్త ఆగయ్య బొగ్గు బాయిలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. మొదటి షిఫ్టయినా, రాత్రి షిఫ్టయినా, డ్యూటీ దిగి పాత బండి మీద మలుపు దగ్గరికి రాగానే రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొట్టేవాడు. అది వినగానే అనసూర్య లేచి స్నానానికి నీళ్లు పెట్టి తలుపు తీసేది. తలుపు తట్టడం, పేరు పెట్టి పిలవడం ఆ మనిషికి చేతకాదు. తలుపు కొడితే పక్కింటివాళ్లు నిద్ర లేస్తారని ఆయన వాదన. హారన్ కొడితే లేవరా అని అడిగే ధైర్యం ఆ గల్లీలో ఎవరికీ లేకపోయింది.

మూడేళ్ల కిందట ఆ బాయి మూతపడింది. ఆగయ్యను గోలేటికి బదిలీ చేశారు. అందరం పోదామన్నాడు. కొడుకు చదువుంది, నా కుట్టుమిషనుంది, నేను రానంది అనసూర్య. నేను ముఖ్యమా, మిషన్ ముఖ్యమా అని ఆయన. మేం ముఖ్యమా, బాయి ముఖ్యమా అని ఈమె. ఒక్కడే వెళ్లాడు. మరుసటి వారం సెలవు మీద వచ్చి, ఎప్పటిలాగే మలుపు కాడ హారన్ కొట్టాడు.

అనసూర్య విన్నది. విని, మిషన్ తొక్కుతూ కూర్చుంది. ఒక్కసారి తలుపు తడితే ఆయన సొమ్మేం పోతుంది అనుకుంది. బయట బండి కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అంతే. ఆ హారన్ మళ్లీ ఈ గల్లీలో మోగలేదు.

మోగింది కొడుకు పాటలో.

సంపత్, వాడి చిన్ననాటి దోస్తు వీరేందర్, ఆఫీసరు కామరాజు గారి అమ్మాయి మైత్రి కలిసి 'లాంప్‌రూమ్' అని పేరు పెట్టుకుని నాలుగేళ్లుగా పాటలు కడుతున్నారు. బాయి దిగేవాళ్లు నెత్తికి దీపం తీసుకునే గది పేరది. మొదటి పదకొండు పాటలను వాళ్లూ, వాళ్ల స్నేహితులూ, మైత్రి తల్లి రాజరాజేశ్వరి గారూ విన్నారు. పన్నెండోది 'నీళ్లు కాగినయ్'. రెండు పొట్టి, ఒక పొడుగు హారన్‌తో మొదలవుతుంది.

మలుపు కాడ పాం పామన్నట్టాయె
నీళ్లు కాగినయ్, నువ్వు రాలే

అని మైత్రి ఎత్తుకోగానే ఎక్కడెక్కడి వాళ్లకో గుండె కలుక్కుమంది. అందరూ అది ప్రేమపాట అనుకున్నారు. ఏ పిల్ల ఎవడి కోసం నీళ్లు కాచిందో అని కామెంట్లలో తగువులాడుకున్నారు. రెండు నెలల్లో అది హైదరాబాద్ హోటళ్లలోకి, పెళ్లి బరాతుల్లోకి, శ్రీరాంపూర్ షేర్ ఆటోల్లోకి ఎక్కింది. ఇక తమ ఊరు గోదావరిఖనిలో హారన్ ఉన్న ప్రతి బండీ ఆ మోత నేర్చుకుంది.

ఇదంతా భరించగలిగేదే. కొడుకు పేరు ఊరంతా మోగుతుంటే ఏ తల్లికి చేదు? కానీ పోయిన వారం ఎల్లన్న వచ్చి ఒక మాట చెప్పి వెళ్లాడు. గోలేటిలో ఆగయ్యతో కలిసి డ్యూటీ చేసే మనిషి.

"ఆదివారం నెలాఖరు వదినా, అన్న రిటైర్. సామాను సదురుకొని మీ గల్లీకి వస్తడట. ఒక్కసారే హారన్ కొడతడట. తలుపు తీస్తె ఇంట్లకు. తియ్యకుంటె అటే చెల్లె ఊరికి పోతడట, ఇగ ఈ దిక్కు చూడడట. నేను చెప్పిన్నని తెలిస్తె అసలుకే రాడు. సంపత్‌కు సుత చెప్పకు."

ఒక్కసారే కొడతాడు. ఊరంతా కొడుతున్న హారన్‌నే కొడతాడు. ఏది ఆయనదో ఈమెకెలా తెలియాలి? ఆదివారానికి ఇంకా ఐదు రోజులుందని అనసూర్యకు తెలుసు. ఆమె కాళ్లకు తెలియదు. ఎవరు కొట్టినా లేచిపోతున్నాయి.

"తీసెయ్యి," అంది మళ్లీ. ఈసారి గొంతులో బతిమాలడం వినపడింది.

సంపత్ గిటారు పక్కన పెట్టాడు.

"అది నీ ఒక్కదాని హారనా అమ్మా?"

అనసూర్య వంగి బొగానను గోడ వైపు జరిపింది.

"నువ్వు నీళ్లు పెడుతందుకు లేస్తుంటివి. నేను మలుపు దాక ఉరుకుతుంటి. బాపు నన్ను ట్యాంకు మీద కూసోవెట్టుకొని గేటు దాక తెస్తుండె. నా అంగికి బొగ్గంటిందని నువ్వు తిడుతుంటివి. యాదికున్నదా? పోయిన దసరకు గోలేటికి పోయిన. నీకు చెప్పలే. మూడు గంటలు ఆయన ముంగట కూసున్న. ఏం బస్సుకొచ్చినవ్ అన్నడు. ఏం బస్సుకు పోతవ్ అన్నడు. గంతే. ఫోన్ చేస్తె ఎత్తడు. ఇగ నేనెట్ల పిలవాలె ఆయనను? నాకు వచ్చిన తీరుగ పిలిచిన. ఆయన సెల్లుల పాటలు ఇనడని నాకెర్కే. ఏ ఆటోలనన్న చెవున పడకపోతదా అని."

అనసూర్య కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వాడు గోలేటికి వెళ్లినట్టే ఆమెకు తెలియదు. తండ్రి మూగతనం, తల్లి మొండితనం రెండూ కలిపి వీడికే వచ్చాయి. ఎల్లన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వీడు ఈ క్షణమే బస్సెక్కుతాడు. అక్కడ వీడొకటి అంటాడు, ఆయనొకటి అంటాడు, వచ్చే మనిషి రాకుండా పోతాడు. మాటను మింగేసింది.

"అన్నం తిని పో," అంది.

"ఆకలైతలేదు."

బయట హారన్ మోగింది. రెండు పొట్టి, ఒక పొడుగు. తల్లీ కొడుకూ ఒకేసారి అటు తిరిగారు. షేర్ ఆటో. తిరిగిన ముఖాలు ఒకరికొకరు కనబడకుండా చెరో గదిలోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మైత్రి వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు కూతురైనా ఆ పిల్లకు ఈ ఇంట్లో నీళ్ల కుండ ఎక్కడుందో తెలుసు. తనే ముంచుకు తాగి, మిషన్ పక్కన చాప మీద కూర్చుంది.

"ఆంటీ, సంపత్ రిహార్సల్‌కి వచ్చి ఒక్క మాట కూడా మాట్లాడలేదండి. వీరేందర్ ఏమైందిరా అంటే వాడి డ్రమ్ము కర్రలు విసిరికొట్టాడు. ఏమైందండి?"

"ఏం గాలేదు బిడ్డా. పాట తీసెయ్యమన్న."

"అమ్మో! శనివారం సాయంత్రం స్టేడియంలో షో ఉందాంటీ. హైదరాబాద్ నుంచి మ్యూజిక్ కంపెనీ వాళ్లొస్తున్నారు. నచ్చితే పాటని మళ్లీ పెద్ద స్టూడియోలో చేయిస్తామంటున్నారు. ఇప్పుడు తీసెయ్యమంటే ఎలాగండి?"

అనసూర్య జాకెట్టు చేతికి మడత కుట్టసాగింది. ఆ పిల్ల ఏం చేయాలో తోచక చాప మీద వేళ్లతో తాళం వేసింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

మిషన్ ఆగింది.

"గట్ల గాదు," అంది అనసూర్య.

"ఏంటాంటీ?"

"ఆయన గట్ల కొట్టడు."

ఆ మాట నోటి నుంచి వచ్చాకే ఆమెకూ తెలిసింది. ఇన్నాళ్లూ కాళ్ల మాట విన్నదే తప్ప చెవుల మాట వినలేదు. కత్తెర తీసుకుని, దాని పిడితో మిషన్ చెక్క మీద రెండుసార్లు కొట్టింది. ఆగింది. మైత్రి ఎదురుచూసింది. ఇంకా ఆగింది. అప్పుడు కత్తెరను చెక్క మీద పొడుగ్గా గీసింది.

"నడిమిట్ల ఆగుతది. మలుపు కాడ మోరి మీది బండ లేసుంటది చూడు. హారన్ బటను, క్లచ్చు రెండు ఎడమచేతి దిక్కే. మలుపుకు వచ్చి రెండుసార్లు కొడతడు. ఆనెంక క్లచ్చు పట్టి, గేరు తగ్గిచ్చి, బండ దాటిస్తడు. దాటినంక మల్ల ఏలు పెట్టి పొడుగుగ కొడతడు. గా నడిమిట్లనే నేను లేసి పొయ్యి ముట్టిస్తుంటి. హారన్లు మూడు మార్చిండు, బండి ఒకటి మార్చిండు. గీ ఆగుడు మాత్రం మారలే. మీ పాటల గది లేదు."

"తాళంలో పట్టదని సంపత్ కలిపేసుంటాడండి."

"కలిపేసిండు. మంచిగ చేసిండు."

అనసూర్య నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. ఊరంతా కొట్టేది పాటలో హారన్. నడుమ ఆగేది ఒక్క ఆగయ్యే. పోయిందనుకున్నది పోలేదు, ఎవరి చేతికీ చిక్కకుండా తన దగ్గరే ఉంది. ఆదివారం వస్తే తనకు తెలుస్తుంది. ఊళ్లోని బండ్లన్నీ ఒకేసారి మోగినా తెలుస్తుంది.

మైత్రి కళ్లు ఎందుకో తడిశాయి.

"ఇంకోసారి కొట్టండాంటీ."

అనసూర్య ఇంకోసారి కొట్టింది. మైత్రి పెదవులు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుంది. ఎందుకు లెక్క పెడుతోందో అడగాలని అనసూర్యకు తట్టలేదు.

"శనివారం వస్తారు కదాంటీ?"

శనివారమే కదా, ఆదివారం కాదు కదా అనుకుంది అనసూర్య.

"వస్త బిడ్డా. పాట ఉండనీ అన్ననని వానికి చెప్పు."

తర్వాతి మూడు రోజులు ఆ ఇంట్లో గ్యాస్ దండగ కాలేదు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. అనసూర్య ఒక్కదానికీ లేవలేదు. పక్కింటి పోశవ్వతో గోడ మీది నుంచి చెప్పింది కూడా.

"అక్కా, నేను లేనప్పుడు ఎవడన్న గేటు కాడికి వచ్చి హారన్ కొడితె జర గదిమిచ్చు. వీడియోలు తీసుకుంట మీదమీదికి వస్తున్నరు."

"గదిమిచ్చుడా? నాలుగు వెట్టనా?" అంది పోశవ్వ ఉత్సాహంగా. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మనిషి గానీ, గొంతుకు మాత్రం ఏ నొప్పీ లేదు.

"నాలుగు వెట్టు."

ఆ మూడు రోజులూ అనసూర్య పని చేస్తూనే ఉంది. పెరట్లో స్నానాల బండను పీచుతో రుద్దింది. పెట్టె అడుగు నుంచి ఆయన గళ్ల లుంగీ తీసి ఉతికి ఆరేసింది. ఆరిన లుంగీ మడత పెట్టబోయి ముఖానికి ఆనించుకుంటే సబ్బు వాసనే వచ్చింది. బొగ్గు వాసన ఎప్పుడో పోయింది. ఏళ్ల తరబడి ఆ వాసన వదలడం లేదని విసుక్కున్న మనిషి, అది పోయినందుకు లుంగీ పట్టుకుని మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఆయన రావాలి. తిట్టినా సరే, మూతి ముడుచుకున్నా సరే, ఈ ఇంట్లో కూర్చుని ముడుచుకోవాలి. ఇంతకంటే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

సంపత్ ఆ లుంగీని చూశాడు. ఏమిటని అడగలేదు. వాడు కూడా రెండు రోజులుగా ఏదో దాచుకున్న ముఖంతో తిరుగుతున్నాడు. భోంచేస్తూ ఒకసారి తల్లి వైపు చూసి నవ్వాడు.

"ఏందిరా?"

"ఏం లేదు. శనివారం నువ్వు ముంగట వరసల కూసోవాలె. అంతే."

శనివారం సాయంత్రం ఐదింటికి ఇంటికి తాళం వేసి, పెళ్లిళ్లకు కట్టే పచ్చ చీర కట్టుకుని అనసూర్య స్టేడియానికి వెళ్లింది. మొదటి షిఫ్టు దిగి తల దువ్వుకుని వచ్చినవాళ్లు, రెండో షిఫ్టు ఎగ్గొట్టి వచ్చినవాళ్లు, కాలనీల ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. గోడల మీద కూడా మనుషులే. కామరాజు గారూ రాజరాజేశ్వరి గారూ లేచి ఆమెకు ముందు వరసలో కుర్చీ చూపించారు. అనసూర్య అంచు మీద కూర్చుంది.

రెండు పాటలయ్యాయి. జనం వాటిని మర్యాదకు విన్నారు. తర్వాత సంపత్ మైకు దగ్గరికి వచ్చాడు. అంత వెలుతురులో వాడు అచ్చం తండ్రిలా కనబడ్డాడు. అదే ఎడమ భుజం వంపు.

"మీరు ఏ పాట కోసం వచ్చిండ్రో నాకెర్కే," అన్నాడు. జనం అరిచారు. "గని ఆ పాటను ఇన్నొద్దులు మేం తప్పు పాడినం. మొన్న మా అమ్మ సరిజేసింది. మా అమ్మ గక్కడ కూసున్నది, పచ్చ చీర."

వేల తలలు తన వైపు తిరిగేసరికి అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం సరిచేశాను అనుకుంది. వెంటనే మైత్రి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకోవడం గుర్తొచ్చింది.

"వద్దురా," అంది. ఎవరికీ వినపడలేదు.

"చప్పట్లు రెండుసార్లు కొట్టుండ్రి. ఆనెంక ఆగుండ్రి. ఎవ్వలు చప్పుడు చెయ్యద్దు. మా బాపు బండి మోరి దాటుతున్నది. లోపల ఒకటి, రెండు అనుకోవాలె. ఆనెంకనే పొడుగుది. సమజైందా?"

సమజైందని స్టేడియం మొత్తం చెప్పింది. వీరేందర్ కర్రలు పైకెత్తాడు.

రెండు చప్పట్లు. ఆ తర్వాత ఏమీ లేదు.

అంత మంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఎలా ఉంటుందో అనసూర్యకు తెలియదు. ఎక్కడో ఒక పసిపాప దగ్గింది. ఆమె ఎడమ కాలు తనంతట తానే కుర్చీ కింద నుంచి లేచింది, చేయి గ్యాస్ లైటర్ కోసం వెతుక్కుంది. ఇన్నేళ్లూ ఆ కాసేపు ఆమె ఒక్కతే ఎదురుచూసింది. ఇప్పుడు ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి ఆమెతో పాటు ఆగయ్య కోసం ఎదురుచూస్తోంది. కన్నీళ్లు జారిపోతుంటే తుడుచుకోలేదు.

పొడుగు హారన్ మోగింది. జనం లేచి అరిచారు. మైత్రి అందుకుంది, నీళ్లు కాగినయ్, నువ్వు రాలే.

సంపత్ వేదిక మీద నుంచి తల్లినే చూస్తున్నాడు, బాగుందా అన్నట్టు. అనసూర్య తల ఊపింది. ఏం ఊపకుండా ఉంటుంది? వాడు తనకు ఇవ్వగలిగిన దాంట్లో పెద్దది ఇచ్చాడు. దాంతోనే తన దగ్గర మిగిలిన ఒకే ఒక్కటి తీసుకున్నాడు. ఆ సంగతి వాడికి తెలియదు, తెలిసేలా తను చెప్పలేదు.

స్టేడియం గేటు బయట అప్పుడే బండ్లు మొదలుపెట్టాయి. పాం పాం. ఆగి, పా...ం.

జనం ఆ పాటను మూడోసారి అడుగుతుండగా ఆమె లేచి వచ్చేసింది. దొరికిన షేర్ ఆటో ఎక్కింది. డ్రైవరు మలుపు మలుపుకూ హారన్ కొడుతూ వెనక్కి తిరిగి చెప్పాడు.

"కొత్తది ఇన్నవా అమ్మా? నడిమిట్ల ఆగాలెనట. గదే అసలు మజా."

"ముంగట చూసి నడుపు బిడ్డా," అంది అనసూర్య.

రేపు ఆదివారం. పొద్దున్నుంచీ తలుపు తీసి గడపలోనే కూర్చుంటాను అనుకుంది. అలుసైపోతే అయిపోనీ. మూడేళ్లు అలుసు కాకుండా ఉండి ఏం సాధించింది?

గల్లీ మొదట్లో దిగి నడిచింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. గేటు దగ్గరికి వచ్చి తాళంచెవి తీయబోయి ఆగిపోయింది.

గేటు చువ్వకు బంతిపూల దండ వేలాడుతోంది. మెడలో వేసే పెద్ద దండ, మధ్యమధ్య తళుకు కాగితాలు. పూలు ఎండకు కొంచెం వాడాయి. దారిలో గాలికి సగం రేకులు రాలిపోయినట్టున్నాయి.

"వచ్చినవా చెల్లె?" గోడ అవతల మంచం మీది నుంచి పోశవ్వ కేకేసింది. "ఇందాక ఒకడు వచ్చిండు. నీ గేటు కాడనే హారన్ కొట్టిండు. నువ్వు చెప్పినట్టే గదిమిచ్చిన. ఇంట్ల ఎవ్వల్లేరు పో, పాటలు స్టేడియంల పాడుకో పో అన్న. మల్ల పిట్టుక్కుమనలే."

అనసూర్య దండను పట్టుకుంది.

"ఎట్లున్నడక్కా?"

"నేనేడ చూసిన, మంచం మీదికెల్లే అరిస్తి. బండి మాత్రం పాతది. డగడగడగ అనుకుంట పోయింది."

రేపు ఆదివారం, బాయి ఆఫీసుకు సెలవు. రిటైరయ్యేవాళ్లకు దండ వేసి శాలువా కప్పి పంపడం ఈ రోజే అయిపోయింది. ముప్ఫై ఏళ్లు బాయి మనిషితో కాపురం చేసిన తనకు ఈపాటి లెక్క ఎందుకు తట్టలేదు? సన్మానం దండ మెడలోంచి తీయకుండా, సామాను సర్దుకోవడానికి కూడా ఆగకుండా నేరుగా వచ్చాడు. ఒక్కసారే హారన్ కొట్టాడు. తాళం చూశాడు. పో అన్న మాట విన్నాడు.

సెల్లు తీసింది. మూడేళ్లుగా నొక్కని నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. బండి మీద ఉండగా ఆ మనిషి ఎప్పుడు ఎత్తాడు గనక.

"ఏమైందే? ఎవలే వచ్చింది?" అంటోంది పోశవ్వ. "మాట్లాడవేందే?"

అనసూర్య తాళం తీసి లోపలికి వెళ్లింది. తలుపు మూసి గడియ పెట్టింది, ఎప్పుడూ పెట్టేలాగే. దీపం వెయ్యలేదు. బొగాన నిండా నీళ్లు పోసి పొయ్యి ముట్టించింది. దండను మిషన్ మీద పెట్టింది. తళుకు కాగితాలు పొయ్యి మంటకు మెరుస్తున్నాయి. కోపమొచ్చిన మనిషి దండ తీసి మోరిలో పారేస్తాడు, గేటుకు తగిలించి పోడు. అలా అనుకోవడానికి ఆమెకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

షో అయిపోయినట్టుంది. చౌరస్తా వైపు నుంచి బండ్లు రావడం మొదలైంది. ఒకటి, దాని వెనక ఇంకోటి. మలుపు కాడ ఒక్కొక్కటీ మోగుతోంది. పాం పాం. ఒకటి, రెండు. పా...ం. అందరూ బాగా నేర్చుకున్నారు. మోగిన ప్రతిసారీ అనసూర్య గడియ తీసింది, చూసింది, మళ్లీ పెట్టింది. ఆరో బండికి తీసింది. ఏడో బండికీ తీసింది. పోశవ్వ ఏమనుకున్నా సరే.

నీళ్లు కాగినయ్. పొయ్యి తగ్గించింది.

గల్లీ కాస్త సద్దుమణిగాక మలుపు కాడ ఇంకొకటి మోగింది.

పాం పాం.

ఒకటి. రెండు.

పాటలో అయితే ఈపాటికి మూడోది మోగాలి. మోగలేదు. అనసూర్య చేయి గడియ మీద ఉంది. మూడు, అనుకుంది. ఆయనకు అరవై దాటాయి, లేచిన బండ మీది నుంచి బండి దాటించడానికి మునుపటికంటే ఎక్కువ సేపే పడుతుంది. నాలుగు.

మూడో హారన్ కోసం ఆగకుండా ఆమె గడియ తీసింది.